రాళ్ళూ ఎక్కాలి, రోజూ ఆఫీసుకీ వెళ్ళాలి: ఒకే బండిని రెంటికీ తయారుచేసుకోవడం ఎలా

బండి కట్టించుకుందామనుకునే కుర్రాళ్ళు ముందు అడిగేది "ఎంత ఎత్తు లేపొచ్చన్నా?" అనే. ఆ ప్రశ్నని ఆఖరికి జరపండి. రాళ్ళ మీద బండిని నడిపించేది ఎత్తు కాదు, పట్టు. నాలుగు చక్రాలూ వీలైనంతసేపు నేలని వదలకూడదు, ఇంజిన్ నెమ్మదిగానే అయినా బలంగా తిప్పాలి, కింద ఉన్న హౌసింగులూ (యాక్సిల్ గేర్లుండే ఇనుప డబ్బాలు) ట్యాంకూ రాయి తగిలినా తట్టుకోవాలి. ఇవి కుదిరాక అసలు ఎత్తు పెంచాలో లేదో మీ బండే చెబుతుంది. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టుతో మొదలుపెట్టిన బండి ఫొటోల్లో బాగానే ఉంటుంది కానీ, కొరాపుట్ నుంచి సాలూరు వైపు సుంకి ఘాటీ దిగేటప్పుడు ప్రతి మలుపులో ఊగుతుంది, ముందు లారీ సడన్‌గా ఆగితే మీకు టెన్షన్ మొదలవుతుంది.

జయపురం, సిమిలిగుడ, పొట్టంగి, రాయగడ వైపు ఉండేవాళ్ళ అవసరం వేరే. ఇసుకలో పరుగెత్తే బండి మనకి అక్కర్లేదు. వారమంతా ఘాటీ రోడ్డులో, వానలో, పొగమంచులో డ్యూటీకి పోయిరావాలి, సెలవు రోజున గెడ్డలో (కొండవాగులో) బండరాళ్ళ మీదుగా అవతలి గట్టు ఎక్కాలి, సోమవారం పొద్దున్న మళ్ళీ అదే బండి సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవ్వాలి. కాబట్టి కిందివన్నీ ఇదే వరసలో చెయ్యండి, వరస మార్చకండి.

మొదట బండి ఎంపిక. కంపెనీ నుంచే లో-రేంజ్ గేర్ (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, లో-రేంజ్ లేని ఎస్‌యూవీని రాళ్ళ బండి చెయ్యాలని చూడకండి, క్లచ్ కాలిపోతుంది. ఇక్కడ మీ ముందున్నవి ముఖ్యంగా మూడు. 2023లో వచ్చిన మారుతి జిమ్నీ తేలికైన బండి, 1,200 కిలోల చుట్టూ ఉంటుంది, ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్ళే, అందువల్ల ఒక చక్రం రాయెక్కితే అదే యాక్సిల్ రెండో చక్రాన్ని కిందికి నొక్కుతుంది, పట్టు పోదు. కానీ ఇంజిన్ 134 న్యూటన్ మీటర్లే, పైగా చక్రానికీ చక్రానికీ మధ్య 2,590 మిల్లీమీటర్లు, అంటే గుట్ట మీదికెక్కాక పొట్ట తగిలే అవకాశం ఎక్కువ. 2020 తర్వాతి మూడు డోర్ల మహీంద్రా థార్‌కి ఆ దూరం 2,450, కింద ఖాళీ 226 మిల్లీమీటర్లు, 2.2 డీజిల్‌కి 300 న్యూటన్ మీటర్ల బలం ఉంది. అయితే బరువెక్కువ, ముందు సస్పెన్షన్ ఏ చక్రానికా చక్రం విడిగా ఉంటుంది కాబట్టి ఎగుడుదిగుళ్ళలో ముందు చక్రం తొందరగా గాల్లోకి లేస్తుంది. ఫోర్స్ గూర్ఖాకి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు (ఒక యాక్సిల్ రెండు చక్రాల్నీ కలిపి తిప్పేవి) కంపెనీవే వస్తాయి, రాళ్ళకి అంతకంటే ఏం కావాలి, కానీ రోజూ టౌన్లో తిప్పడానికి కొంచెం మొరటు.

నా మాట అడిగితే, ఒంటరిగానో ఇద్దరో తిరిగేవాళ్ళకి జిమ్నీ, ఇంటిల్లిపాదితో విశాఖ దాకా పోయొచ్చేవాళ్ళకి డీజిల్ థార్, రాళ్ళే ముఖ్యమనుకుంటే గూర్ఖా. తీసుకునే ముందు ఆ కంపెనీ సర్వీసు మీ ఊరికెంత దూరమో కనుక్కోండి, ముందు యాక్సిల్ సీలు పోయి పార్టు కోసం వారం ఆగడం రోజూ బండి కావలసినవాడికి కుదరదు. పాత జిప్సీ, పాత జీపుల మీద మోజు నాకూ ఉంది, ఇంట్లో ఇంకో బండి ఉంటేనే వాటి జోలికి వెళ్ళండి. పాత కమాండర్ జీపు చూడబోతే బోనెట్ ఎత్తకముందే కిందికి వంగి ముందు యాక్సిల్ చూడండి, మధ్యలో గుండ్రటి హౌసింగ్, దాంట్లోకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటేనే అది ఫోర్ వీల్, లేకపోతే టూ వీల్ బండికి స్టిక్కరేసి అమ్ముతున్నారన్న మాటే.

డబ్బు ఖర్చు పెట్టకముందే చట్టం సంగతి తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు బిగించే ఇనుప బుల్ బార్లు కూడా నిషిద్ధమేనని 2017 డిసెంబర్లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. రోజూ ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల పోలీసుల ముందునుంచి పోయే బండి మనది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడు మొదట వెతికేది కూడా ఇలాంటి మార్పులనే. అందుకని మొదటి ఖర్చంతా కంపెనీ ఒప్పుకున్న సైజు టైర్లు, బోల్టులతో బిగించి విప్పుకోగలిగే రక్షణ ప్లేట్లు, గాలి గొట్టాలు, తాళ్ళు, వీటికే పెట్టండి. ఎత్తూ, వెడల్పూ, ఇంజిన్ జోలికి వెళ్ళాలనుకుంటే ముందు ఆర్టీఓలో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాసి పంపండి.

బండి ఇంటికొచ్చాక మొదటి నెల ఏమీ బిగించకండి. నడపండి. ఖాళీ నేల మీద లో-రేంజ్‌లో వేసి ఫస్ట్ గేర్లో యాక్సిలేటర్ తొక్కకుండా ఎంత మెల్లగా పోతుందో చూడండి. ఈ లెక్క చాలామంది పట్టించుకోరు కానీ రాళ్ళ మీద నడకంతా దీని మీదే ఉంటుంది. ఫస్ట్ గేర్ నిష్పత్తి 4, లో-రేంజ్ 2.5, యాక్సిల్ 4 అనుకుందాం, మూడూ గుణిస్తే 40. ఇంజిన్ ఐడిలింగ్‌లో నిమిషానికి 800 సార్లు తిరిగితే చక్రం 20 సార్లు తిరుగుతుంది, చుట్టుకొలత 2.4 మీటర్ల టైరైతే నిమిషానికి 48 మీటర్లు, అంటే గంటకి మూడు కిలోమీటర్ల లోపే. మనిషి నడక కంటే మెల్లగా. రాయి మీదికి ఇలా పాకాలి, ఎగరకూడదు. మీ బండికి ఆ మూడు అంకెలూ ఎంతో కనుక్కుని, గుణించి చూసుకోండి.

ఇక టైర్లు. మొత్తం బడ్జెట్‌లో ఒక్కదానికే డబ్బుంటే టైర్లకే పెట్టండి. మన దగ్గర రాయి రెండు రకాలు, గెడ్డల్లో నున్నటి బండలు, దమన్‌జోడి వైపు కొండల మీద తుప్పు రంగులో బెజ్జాలు బెజ్జాలుగా ఉండే లాటరైట్. ఈ రెండోదానికి అంచులు కత్తుల్లా ఉంటాయి, టైరు పక్క గోడని కోసేస్తుంది, పక్క గోడ కోసుకుపోతే పంచర్ షాపువాడు చేసేదేం లేదు. కాబట్టి పక్క గోడ గట్టిగా ఉన్న ఏటీ (ఆల్ టెర్రైన్, రోడ్డుకీ రాళ్ళకీ రెంటికీ పనికొచ్చే) టైర్లు తీసుకోండి. ఎంటీ (మడ్ టెర్రైన్) టైర్లు బురదలో బాగా లాగుతాయి, నిజమే, కానీ వానలో తడిసిన తారు మీద బ్రేకేస్తే జారతాయి, మోత కూడా ఎక్కువ. రోజూ ఘాటీ ఎక్కి దిగేవాళ్ళు ఏటీతోనే ఉండండి.

సైజు విషయం కొంచెం లెక్కగా చూద్దాం. జిమ్నీకి వచ్చే 195/80 ఆర్15 టైరు ఎత్తు 693 మిల్లీమీటర్లు. కొందరు వేసే 235/75 ఆర్15 ఎత్తు 733. నలభై పెరిగిందని సంబరపడతారు, కానీ హౌసింగ్ కింద పెరిగే ఖాళీ అందులో సగం, 20 మిల్లీమీటర్లే. దానికి బదులు గేర్ బలం దాదాపు 6 శాతం తగ్గుతుంది, స్పీడోమీటర్ వంద చూపిస్తుంటే నిజానికి 106లో ఉంటారు, బ్రేకు పడడానికి దూరం పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, పైగా ఆర్సీ గొడవ. థార్‌కి కంపెనీయే 255/65 ఆర్18తో పాటు 245/75 ఆర్16 కూడా ఇచ్చింది, రెండింటి ఎత్తూ ఇంచుమించు ఒకటే, కానీ 16 అంగుళాల రిమ్ముకి రబ్బరు పక్క గోడ ఎత్తు ఎక్కువ, రాళ్ళకి అదే మేలు.

గాలి తగ్గించడం నేర్చుకుంటే సగం లిఫ్ట్ కిట్టు ఖర్చు మిగులుతుంది. రోడ్డు మీద 30 పాయింట్ల చుట్టూ ఉండే గాలిని రాళ్ళ దగ్గర 18కి దించండి, తేలిక బండైతే 15 దాకా పోవచ్చు. టైరు మెత్తబడి రాయిని చుట్టుకుంటుంది, పట్టు ఎంత మారుతుందో మొదటి బండ మీదే తెలుస్తుంది. బీడ్‌లాక్ (టైరు అంచుని రిమ్ముకి బిగించి పట్టుకునేది) లేని మామూలు రిమ్ముతో 15 కంటే కిందికి దిగొద్దు, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. గాలి తగ్గించాక వేగంగా పోకూడదు, రోడ్డెక్కే ముందు మళ్ళీ నింపాలి, అందుకని బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే కంప్రెసర్, మంచి గేజీ కొనండి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే చిన్నవి నాలుగు టైర్లు నింపేలోపు వేడెక్కి ఆగిపోతాయి.

టైర్ల తర్వాత రక్షణ. బండి కింద పడుకుని పైకి చూడండి, రాయి తగిలితే నష్టపోయేవేంటో మీకే కనిపిస్తాయి, ఇంజిన్ ఆయిల్ సంపు, ముందు వెనక యాక్సిళ్ళకి తిప్పుడు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, పెట్రోల్ లేదా డీజిల్ ట్యాంకు, స్టీరింగ్ రాడ్లు. వీటి కింద 4 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు గానీ 6 మిల్లీమీటర్ల అల్యూమినియం గానీ వెయ్యాలి. మీ బండికి రెడీమేడ్ దొరికితే సరే, లేదంటే సాలూరు వెళ్ళండి. లారీల ఊరు కదా, చాసిస్ పని, కమాన్ కట్టల పని చేతికి బాగా అలవాటైన వెల్డర్లు ఉంటారు. వాళ్ళకి మూడు విషయాలు మాత్రం గట్టిగా చెప్పండి. ప్లేటుని చాసిస్‌కి వెల్డింగ్ చెయ్యొద్దు, బోల్టులే వెయ్యాలి. ఆయిల్ డ్రెయిన్ నట్టు కింద చెయ్యి పట్టేంత బెజ్జం ఉండాలి, లేకపోతే ప్రతి సర్వీసుకీ ప్లేటంతా విప్పాల్సొస్తుంది. నీళ్ళూ బురదా కారిపోవడానికి ఇంకో నాలుగు బెజ్జాలు కొట్టాలి. బోల్టుల తలలు కిందికి పొడుచుకొచ్చి ఉంటే మొదటి రాయికే చితికిపోతాయి, తలలు ప్లేటులోకి దిగేలా చేయించండి.

పక్క డోర్ల కింద రాక్ స్లైడర్లు (రాయి నుంచి బాడీని కాపాడే ఇనుప గొట్టాలు) వేయిస్తే అవి చాసిస్‌ని పట్టుకుని ఉండాలి, బాడీ రేకుని కాదు, బండి బరువంతా ఒక వైపు స్లైడర్ మీద పడినా వంగకూడదు. జాకీ పెట్టి బండిని దాని మీదే లేపి చూడండి, డోర్ తెరుచుకుని మూసుకుంటే పని బాగా చేసినట్టు. బాడీ వెడల్పు దాటి బయటికి రానివ్వకండి. టాప్ మీద క్యారియర్, దాని మీద స్టెపినీ, డబ్బాలు వద్దు, పైన బరువు పెరిగితే పక్కకి వాలిన రాయి మీద బండి బోల్తా కొట్టడానికి మీరే సాయం చేసినట్టవుతుంది.

ఇప్పుడు చెప్పేది పెద్ద ఖర్చు లేనిది, మన వానలకి తప్పనిసరి. యాక్సిల్ హౌసింగ్ మీద చిన్న గాలి రంధ్రం ఉంటుంది, బ్రీదర్ అంటారు. ఘాటీలో నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి గెడ్డ నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ రంధ్రం గుండా, సీళ్ళ గుండా నీళ్ళని లోపలికి లాగుతుంది. మరునాడు డ్రెయిన్ నట్టు కొద్దిగా వదులు చేసి చూస్తే ఆయిల్ తేనె రంగులో రాకుండా పాలు కలిపిన టీలా చిక్కగా తెల్లగా వస్తుంది. అలా వచ్చిందంటే వెంటనే మార్చాలి, అలాగే నడిపితే క్రౌన్ పినియన్, బేరింగులు అరిగిపోతాయి. బ్రీదర్ నుంచి నూనె తట్టుకునే రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గది పైభాగం దాకా తెచ్చి, చివర చిన్న ఫిల్టర్ పెట్టి క్లాంపుతో కట్టండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, నాలుగింటికీ చెయ్యండి. గొట్టానికి కొంచెం వదులు ఉంచడం మర్చిపోకండి, యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు లాగేసుకుంటుంది. స్నోర్కెల్ (ఇంజిన్ గాలిని పైనుంచి పీల్చుకునేలా పెట్టే గొట్టం) గురించి తర్వాత ఆలోచించండి, థార్‌కి కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, అంత నీళ్ళు పారుతున్న గెడ్డలోకి దిగకపోవడమే తెలివి, ప్రవాహం బండిని ఎత్తి పక్కకి నెట్టేస్తుంది.

ఇంత అయ్యాక కూడా ఒక చక్రం గాల్లో తిరుగుతూ బండి ఆగిపోతుంటే అప్పుడు లాకర్. మామూలు డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే చక్రానికే తిప్పుడంతా వదిలేస్తుంది, లాకర్ వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. ముందు వెనక యాక్సిల్‌కే వేయించండి. రోజూ రోడ్డెక్కే బండికి స్విచ్‌తో వేసి తీసేది మంచిది, తనంతట తాను పట్టుకునే రకం తడి మలుపులో వెనక భాగాన్ని జార్చే ప్రమాదం ఉంది. లాకర్ వేసి తారు మీద మలుపు తిప్పకూడదు, యాక్సిల్ షాఫ్ట్ మీద భారమంతా పడుతుంది. కొన్ని థార్‌లకి వెనక మెకానికల్ లాక్ కంపెనీదే వస్తుంది, కొనేటప్పుడే ఆ మోడల్ అడగండి, తర్వాత వేయించడం కంటే చవక.

ఎత్తు సంగతి ఇక్కడికొచ్చింది. అనుమతి ఉండి, అవసరమూ తేలితే, రెండు అంగుళాల లోపే ఆపండి. ఎత్తు పెంచగానే స్ప్రింగులొక్కటే మారవు, గట్టి యాక్సిల్ బండిలో బాడీకీ యాక్సిల్‌కీ అడ్డంగా ఉండే పాన్‌హార్డ్ రాడ్ యాక్సిల్‌ని పక్కకి లాగుతుంది, ముందు చక్రాల క్యాస్టర్ కోణం తగ్గి స్టీరింగ్ తనంతట తాను నిటారుకి రావడం మానేస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు వంకరగా తిరిగి శబ్దం చేస్తాయి, బ్రేకు గొట్టాలు చాలవు. ఇవన్నీ సరిచేసే భాగాలు కిట్టులో ఉన్నాయో లేదో చూసి కొనండి, స్ప్రింగుల కింద ముక్కలు పెట్టి లేపే పని అస్సలు చేయించకండి.

టైరుగానీ స్ప్రింగుగానీ మార్చిన వెంటనే ఇంటి దగ్గరే ఒక పరీక్ష. ముగ్గుపిండి నీళ్ళలో చిక్కగా కలిపి మడ్‌గార్డుల లోపలి అంచులకి, చాసిస్ పక్కలకి, బ్రేకు గొట్టాల చుట్టూ పూయండి. ఆరాక ఒక ముందు చక్రాన్నీ, ఐమూలగా వెనక చక్రాన్నీ మట్టి దిబ్బలెక్కించి, స్టీరింగ్ పూర్తిగా ఇటూ అటూ తిప్పుతూ మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. దిగి టైర్లు చూస్తే ఎక్కడ తెల్లగా అంటిందో అక్కడ రాపిడి ఉన్నట్టు. రెండో ఐమూలకీ ఇదే చెయ్యండి. బ్రేకు గొట్టం దగ్గర ముగ్గు చెరిగితే ఆ బండిని రోడ్డెక్కించొద్దు, ముందు అది సరిచేయించాలి.

తాళ్ళ విషయంలో పీనాసితనం వద్దు. సాగే నైలాన్ తాడు ఒకటి, చెట్టుకి చుట్టే వెడల్పాటి పట్టీ ఒకటి, బరువు రేటింగ్ ముద్రించిన షాకిళ్ళు, చాసిస్‌కి బిగించిన గట్టి హుక్కులు ముందొకటి వెనకొకటి. ట్రైలర్ తగిలించే ఇనుప బంతికి తాడు తగిలించి లాగకూడదు, అది ఊడితే తుపాకీ గుండులా వచ్చి తగులుతుంది, ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనె సంచో దుప్పటో వెయ్యండి, తెగినా కిందికి పడుతుంది, తాడుకి అటూ ఇటూ ఎవరూ నిలబడకూడదు, దాటకూడదు. ఊళ్ళో పిల్లలు చూడ్డానికి మూగుతారు, ముందు వాళ్ళని దూరంగా పంపించాకే లాగండి. వించ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) కొంటే నిండు బరువుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, 1,500 కిలోల బండికి 2,250 పైన. కానీ దాన్ని బిగించడానికి ముందు బంపర్ మార్చాలి, అక్కడ మళ్ళీ చట్టం, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల సమస్య వస్తాయి, రోజువారీ బండికి చేత్తో లాగే వించ్ సీటు వెనక పెట్టుకుంటే చాలు.

ఎక్కడ నడపాలి? రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా దిగితే కేసవుతుంది. పోడు చేలల్లో చోళ్ళు, సామలు ఉన్నప్పుడు గట్టు తెగినా ఆ ఇంటి ఏడాది తిండికి దెబ్బ. దేవమాలి లాంటి కొండలు అక్కడివాళ్ళకి పూజ చేసుకునే చోట్లు, దారి వదిలి పచ్చిక మీద టైర్లు తిప్పకండి. పని ఆపేసిన క్వారీ యజమాని దగ్గరో, తెలిసినవాళ్ళ మెట్ట భూమిలోనో అడిగి చెయ్యండి, ఊరిపెద్దకి ఒక మాట చెప్పండి. మనుషులు బట్టలుతికే, నీళ్ళు పట్టుకునే రేవులో ఆయిల్ కారే బండి దింపకూడదు.

మొదటిసారి ఇంకో బండి తోడుంటేనే వెళ్ళండి. ఒక మనిషి ముందు దిగి చేత్తో సైగ చెయ్యాలి, ఒక్కడే, నలుగురు నాలుగు రకాలుగా అరిస్తే నడిపేవాడు ఎవరి మాటా వినలేడు. రాయిని చక్రాల మధ్యకి తీసుకోవద్దు, టైరునే దాని మీదికి ఎక్కించండి, హౌసింగ్ పైకి లేస్తుంది. బొటన వేళ్ళు స్టీరింగ్ లోపలికి పెట్టకండి, రాయి తగిలి చక్రం ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుతుంది. దిగేటప్పుడు లో-రేంజ్ ఫస్ట్, క్లచ్ మీద కాలుండకూడదు. నాచు పట్టిన బండ అయితే ముందు కాలితో తొక్కి చూడండి, మీ కాలు జారితే టైరూ జారుతుంది.

తిరిగొచ్చే ముందు రోడ్డు పక్కన ఆగి గాలి నింపి, వీల్ నట్లు బిగించి, కిందికి వంగి ఆయిల్ చుక్కలేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఇంటికొచ్చాక బ్రేకు డ్రమ్ములు, రేడియేటర్ జాలీ, చాసిస్ లోపలి మూలలు నీళ్ళతో కడగండి, మన ఎర్రమట్టి ఎండితే గట్టిపడి తడిని పట్టుకుంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. గ్రీజు నిపుల్స్ ఉన్న చోటల్లా కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. కొత్తగా వేసిన ప్రతి బోల్టుకీ బిగించాక పెయింటుతో ఒక గీత పెట్టండి, నట్టు మీద నుంచి ప్లేటు మీదికి వచ్చేలా. గీత తెగి పక్కకి జరిగిందంటే నట్టు వదులైనట్టు. వంద కిలోమీటర్లకోసారి ఒక చూపు చూసి, మొదటి నెలంతా స్పానర్ బండిలోనే ఉంచుకోండి.